తూము దగ్గర ఎవరున్నారు?



మాస్టారి దగ్గర వృక్షశాస్త్రం చదివినవాళ్లకు ఆయన కవర్లు గుర్తుండే ఉంటాయి. సంక్రాంతి సెలవులకు మనం ఇళ్లకు పోతే ఆయన చేతిసంచీ తగిలించుకుని ఊళ్లు తిరిగేవారు. వచ్చేటప్పుడు సంచీ నిండా వరి కంకులు. పాత పరీక్ష కాగితాలను మడిచి, అన్నం మెతుకులతో అంటించి కవర్లు చేసేవారు. ఒక్కో కవరులో గుప్పెడు గింజలు. పైన రకం పేరు, ఊరు, తేదీ, అన్నిటికంటే కింద ఆ చేను రైతు పేరు. "రకం పేరుంటే సరిపోదా మాస్టారూ, మనిషి పేరెందుకు?" అని ఒకసారి అడిగాను. "గింజ తనంతట తాను నడిచి రాదురా. ఎవరో దాచి, ఎవరో ఇస్తేనే మన బల్ల మీదికొస్తుంది. ఆ పేరు రాయకపోతే మన రాత సగమే" అన్నారు.

ఆ తర్వాత నలభై ఏళ్లు నేను జన్యుశాస్త్రంలోనే బతికాను. పరిశోధనా పత్రాల మీద పేర్లు చూశాను, పేటెంట్ల మీద పేర్లు చూశాను, రాయల్టీ అందుకున్నవాళ్ల పేర్లూ చూశాను. ఈ మూడు జాబితాలూ ఒక్కటిగా ఉండడం అరుదు. మాస్టారు ఉండి ఉంటే ఈ సంగతే ముందు అడిగేవారు. అందుకే ఈ సాయంత్రం దీని గురించే మాట్లాడాలనుకున్నాను. విశ్వవిద్యాలయాల్లో కనుక్కున్న జన్యువుల మీద హక్కు ఎవరికి దక్కుతోంది? ఆ హక్కును విశ్వవిద్యాలయం ఎవరికి, ఏ షరతుల మీద వదులుతోంది?

పేటెంటు అనగానే మనలో చాలామందికి గుండె ఝల్లుమంటుంది. వేప, పసుపు, బాస్మతి మీద విదేశాల్లో తీసుకున్న పేటెంట్లు గుర్తొస్తాయి. ఆ భయానికి కారణం లేకపోలేదు. కానీ ఇన్నేళ్లు చూశాక నాకు అర్థమైంది వేరు. చెరువుకు కట్ట వేయడం ఒక పని, తూము ఎత్తడం మరో పని. కట్ట మీద నిలబడి చూస్తే నీళ్లే కనబడతాయి. ఏ చేను తడుస్తుందో, ఏ చేను ఎండుతుందో తెలియాలంటే కిందికి దిగి తూము దగ్గర నీరటి ఏం చేస్తున్నాడో చూడాలి. పేటెంటు కట్ట లాంటిది. లైసెన్సు తూము. మనం ఇన్నాళ్లూ కట్ట దగ్గరే పోట్లాడుకుంటున్నాం. తూము దగ్గర సంతకాలు నాలుగు గోడల మధ్య అయిపోతున్నాయి.

కథ 1980లో మొదలవుతుంది. ఆ ఏడు జూన్ 16న అమెరికా సుప్రీంకోర్టు, ఆనంద చక్రవర్తి అనే బెంగాలీ శాస్త్రవేత్త తయారుచేసిన, ముడిచమురును తినే బాక్టీరియాకు పేటెంటు ఇవ్వవచ్చని తీర్పు చెప్పింది. ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఒక్క ఓటు తేడాతో ప్రాణమున్నది కూడా పేటెంటు గడపలోకి వచ్చింది. డిసెంబరు 12న బై-డోల్ చట్టం వచ్చింది. అంతకుముందు ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధన మీద హక్కు ప్రభుత్వానికే ఉండేది. అలా పోగైన పేటెంట్లు దాదాపు 28,000. వాటిలో ఎవరైనా లైసెన్సు తీసుకుని వాడుకున్నవి నూటికి ఐదు కూడా లేవు. బీరువాలో పడి ఉండడం కంటే విశ్వవిద్యాలయాలే హక్కు ఉంచుకుని, పరిశ్రమలకు ఇచ్చుకుని, వచ్చిన దానిలో శాస్త్రవేత్తకూ వాటా పెట్టనివ్వండి అన్నది ఆ చట్టం సారం. దాని ఉద్దేశంలో తప్పు పట్టను. ప్రజల డబ్బుతో కనుక్కున్నది ప్రజలకు చేరకపోతే అదీ అన్యాయమే.

ఈ రెండు తేదీల మధ్యలో, డిసెంబరు 2న, మూడోది ఒకటి జరిగింది. ఒక పేటెంటు వచ్చింది. నా విద్యార్థులకు నేను మొదట చెప్పే ఉదాహరణ అదే, కాస్త నిదానంగా చెబుతాను.

స్టాన్‌ఫర్డ్‌లో స్టాన్లీ కోహెన్, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ బోయర్. 1972 నవంబరులో హవాయిలో ఒక సదస్సుకు వెళ్లి, రాత్రి తింటూ మాట్లాడుకుంటూ, ఒకరి దగ్గరున్న కత్తెరనూ ఇంకొకరి దగ్గరున్న బండినీ కలిపితే ఎలా ఉంటుందని అనుకున్నారు. కత్తెర అంటే డీఎన్ఏను ఒక నిర్ణీత చోట కోసే ఎంజైము. బండి అంటే బాక్టీరియాలో తిరిగే ప్లాస్మిడ్. ఒక జీవి జన్యువును కోసి మరో జీవిలో అతికించే పద్ధతి అలా పుట్టింది. ఇవాళ బాక్టీరియాలో తయారవుతున్న ఇన్సులిన్‌కు ఆ పద్ధతే మూలం. 1973 నవంబరులో పత్రం అచ్చయింది. దాని మీద నలుగురి పేర్లు: కోహెన్, ఆనీ చాంగ్, బోయర్, రాబర్ట్ హెల్లింగ్. పేటెంటు మీద పేర్లు రెండే. మాస్టారి కవరును ఇక్కడ మనసులో పెట్టుకోండి.

పేటెంటు తీసుకోవాలన్న ఆలోచన కోహెన్‌ది కూడా కాదు. స్టాన్‌ఫర్డ్‌లో లైసెన్సుల పని చూసే నీల్స్ రైమర్స్ 1974 మేలో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన వార్త చదివి ఆయన దగ్గరికి వెళ్లాడు. కోహెన్ మొదట ఇష్టపడలేదు. ఎందరో వేసిన పునాది మీద నిలబడి ఇది నాదని ఎలా అంటామన్నది ఆయన సంశయం. చివరికి ఒప్పుకున్నారు. అమెరికా చట్టం ప్రకారం పత్రం అచ్చయిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. 1974 నవంబరు 4న, గడువు అంచున పెట్టారు. మిగతా దేశాల్లో అచ్చయ్యాక పేటెంటు రాదు కాబట్టి అక్కడ ఆ హక్కు పోయింది.

రైమర్స్ ఆ తర్వాత చేసిన పనే నేను చెప్పదలచుకున్నది. హక్కు మొత్తం ఒక్క కంపెనీకి రాసిచ్చి ఉంటే స్టాన్‌ఫర్డ్‌కు ఒక్క దెబ్బతో పెద్ద మొత్తం వచ్చేది. ఆయన అందరికీ ఇచ్చాడు. ముందు 10,000 డాలర్లు, ఏటా 10,000 డాలర్లు, సరుకు అమ్ముడైతే అందులో చాలా చిన్న శాతం. 1981 డిసెంబరు 15లోపు చేరినవాళ్లకు రాయితీ అన్నాడు. ఆ తేదీకి 73 కంపెనీలు సంతకం పెట్టాయి. పరిశోధన చేసుకునే విశ్వవిద్యాలయాలను లైసెన్సు అడగలేదు. 1997లో పేటెంటు గడువు తీరేనాటికి లైసెన్సు తీసుకున్నవాళ్లు 468 మంది. రెండు విశ్వవిద్యాలయాలకూ కలిపి వచ్చింది సుమారు 25.5 కోట్ల డాలర్లు. తూము కొద్దిగా ఎత్తి అన్ని కాలవలకూ వదిలితే చెరువు ఎండిపోలేదు.

ఈ కథ విన్న ప్రతి విశ్వవిద్యాలయం ఆ 25.5 కోట్ల అంకెనే గుర్తుపెట్టుకుంది. 468 అన్న అంకెను మరిచిపోయింది. ఇది నా అభియోగమే, కానీ దానికి ఆధారం ఉంది.

1989లో సిస్టిక్ ఫైబ్రోసిస్ జన్యువు దొరికింది. ఊపిరితిత్తుల్లో జిగురు పేరుకుపోయి, పిల్లల ప్రాణాలు తీసే వంశపారంపర్య జబ్బు అది. టొరంటోలోని పిల్లల ఆసుపత్రిలో లాప్-చీ ట్సూయి, జాక్ రియోర్డన్, మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్ కాలిన్స్ కలిసి చేసిన పని. రెండు సంస్థలూ పేటెంటు తీసుకున్నాయి. పరీక్ష చేస్తామన్న ప్రయోగశాలలకు మాత్రం విడివిడిగా, ఎవరికీ గుత్తగా కాకుండా లైసెన్సులిచ్చాయి. అనేక ప్రయోగశాలలు పరీక్ష చేయగలిగాయి. దీని మీద పెద్ద వ్యాజ్యం లేదు, పత్రికల్లో రచ్చ లేదు. అందుకే ఎవరికీ గుర్తు లేదు.

తర్వాతి ఏడాది, 1990లో, బర్కిలీలో మేరీ-క్లెయిర్ కింగ్ ఒక సంగతి చూపించారు. కొన్ని కుటుంబాల్లో తల్లికీ, పిన్నికీ, కూతురికీ వరుసగా రొమ్ము క్యాన్సర్ రావడానికి కారణమైన జన్యువు 17వ క్రోమోజోము మీద ఒకచోట ఉందని. ఆమె పదిహేనేళ్ళకు పైగా పడ్డ శ్రమ అది. అది చూపగానే ఆ జన్యువును పట్టుకునే పందెం మొదలైంది. యూటా విశ్వవిద్యాలయంలో మార్క్ స్కోల్నిక్ బృందం గెలిచింది. యూటాలో తరతరాల వంశావళులు రాసి దాచుకున్న మోర్మన్ కుటుంబాలున్నాయి. ఆ చిట్టాలు, ఆ కుటుంబాలు ఇచ్చిన రక్తం లేకపోతే ఆ గెలుపు లేదు. ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలూ ఆ పనిలో ఉన్నారు. మొదటి పేటెంటు దరఖాస్తులో వాళ్ల పేర్లు లేవు. తగవు పడ్డాక చేర్చారు. 1994లో బీఆర్‌సీఏ1 అనే ఆ జన్యువు దొరికింది, ఆ మరుసటి ఏడు బీఆర్‌సీఏ2 అనే అలాంటిదే మరో జన్యువు.

ఇక్కడ తూము దగ్గరికి వెళ్దాం. 1991లోనే స్కోల్నిక్, మరికొందరు కలిసి మిరియడ్ జెనెటిక్స్ అనే కంపెనీ పెట్టారు. యూటా విశ్వవిద్యాలయం తన వాటా హక్కును గుత్తగా మిరియడ్‌కు లైసెన్సు ఇచ్చింది. అంటే ఈ జన్యువుల్లో లోపం ఉందో లేదో అమెరికాలో ఎవరు చూడాలన్నా మిరియడ్ అనుమతి కావాలి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హేగ్ కజాజియన్, అరూప గంగూలీ నడుపుతున్న ప్రయోగశాల అప్పటికే ఈ పరీక్ష చేస్తోంది. 1990ల చివర వాళ్లకు ఆపేయమని ఉత్తరం వచ్చింది. ఆపేశారు. ఒక విశ్వవిద్యాలయం ఇచ్చిన లైసెన్సు ఇంకో విశ్వవిద్యాలయంలో రోగికి జరుగుతున్న పరీక్షను ఆపింది. ఆ ఇద్దరు శాస్త్రవేత్తల పేర్లు నేను తలుచుకోని సంవత్సరం లేదు.

పరీక్ష ఖరీదు 3,000 డాలర్లు దాటింది. ఖరీదు ఒక్కటే అయితే బీమా ఉన్నవాళ్లు సర్దుకునేవారేమో. ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఒకచోట పరీక్ష చేయించుకుంటే ఫలితం మీద అనుమానం రావచ్చు. "మీకు లోపం ఉంది, రొమ్ములు తీసేయించుకోవాలా ఆలోచించండి" అన్నప్పుడు మనిషి ఇంకోచోట చూపించుకుంటుంది కదా? అమెరికాలో ఆ స్త్రీకి ఇంకోచోటు లేదు. 2004 నుంచి మిరియడ్ తనకు దొరికిన జన్యుమార్పుల వివరాలను పదిమందీ చూసే నిధికి పంపడమూ మానేసింది. లక్షలమంది రక్తం నుంచి వచ్చిన జ్ఞానం ఒక సంస్థ లోపలే ఉండిపోయింది.

2009 మేలో శాస్త్ర సంఘాలు, వైద్యులు, క్యాన్సర్‌తో ఉన్న స్త్రీలు కలిసి కోర్టుకెళ్లారు. ప్రతివాదుల్లో మిరియడ్‌తో పాటు యూటా విశ్వవిద్యాలయ పరిశోధనా ఫౌండేషన్ డైరెక్టర్లు కూడా ఉన్నారు. 2010లో న్యూయార్క్ జిల్లా జడ్జి రాబర్ట్ స్వీట్ పేటెంట్లు చెల్లవన్నారు. పై కోర్టు ఆ తీర్పును చాలావరకు తిప్పేసింది. 2013 జూన్ 13న సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒకే మాటగా తీర్పిచ్చింది, క్లారెన్స్ థామస్ రాశారు. శరీరంలో ఉన్న డీఎన్ఏను చుట్టూ ఉన్నదాని నుంచి విడదీసినంత మాత్రాన అది మనిషి సృష్టి కాదు, దానికి పేటెంటు లేదు. ప్రయోగశాలలో ఆర్ఎన్ఏ నుంచి తిరిగి రాసిన సీడీఎన్ఏకు మాత్రం ఇవ్వవచ్చు. తీర్పు వచ్చిన రోజే వేరే ప్రయోగశాలలు మేమూ ఈ పరీక్ష చేస్తాం, తక్కువకే చేస్తాం అని ప్రకటించాయి. ఏళ్ల తరబడి మూసుకుపోయిన కాలవలో ఒక్క పూటలో నీళ్లు పారాయి.

సిస్టిక్ ఫైబ్రోసిస్, బీఆర్‌సీఏ. రెండూ విశ్వవిద్యాలయాల పేటెంట్లే, రెండూ వంశపారంపర్య జబ్బుల జన్యువులే. ఒకచోట అందరికీ లైసెన్సు, ఇంకోచోట గుత్త. గుత్త ఎప్పుడూ తప్పని నేననను. కొత్త మందును మనుషుల మీద పరీక్షించి బజారుకు తేవాలంటే ఏళ్లూ, వందల కోట్లూ కావాలి. అంత పెట్టేవాడికి కొన్నాళ్లు పోటీ లేకుండా చూడడంలో న్యాయముంది. జన్యుపరీక్ష అలాంటిది కాదు. జన్యువు ఏదో తెలిశాక ఆ పరీక్ష మంచి ప్రయోగశాల ఏదైనా చేస్తుంది. అక్కడ గుత్త ఎందుకివ్వాలి? ఈ తేడా ఇప్పుడు అమెరికా వాళ్లూ రాసుకున్నారు. 2005లో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ జన్యు ఆవిష్కరణల లైసెన్సులకు మార్గదర్శకాలిచ్చింది. 2007లో స్టాన్‌ఫర్డ్, మరికొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి లైసెన్సు రాసేముందు ఆలోచించాల్సిన తొమ్మిది విషయాలంటూ ఒక ప్రకటన చేశాయి. పరిశోధకుడి దారి మూయకండి, పేద దేశాల అవసరం మరవకండి అని అందులో ఉంది. మంచి మాటలే. కానీ అవి సలహాలు. సంతకం పెట్టేవాడిని అవి కట్టేయవు.

ఇక మన అన్నం దగ్గరికొస్తాను. మాస్టారికి అన్నిటికంటే ఇష్టమైన విషయం అదే.

ఎండాకు తెగులు చూడనివాళ్లు ఈ సభలో తక్కువే ఉంటారు. పొట్ట దశలో గాలివాన కొట్టిందంటే నాలుగు రోజుల్లో ఆకు కొన నుంచి, అంచుల వెంట అలలు అలలుగా పసుపు దిగుతుంది. పొద్దున్నే వంగి చూస్తే ఆకు అంచున లేత పసుపు జిగురు బొట్లు. ఆ బొట్లలో ఉన్నది బాక్టీరియా. యూరియా ఎక్కువ పడిన చేను ముందు పోతుంది. పురుగుకు మందుంది గానీ దీనికి గట్టి మందు లేదు. మన బాపట్ల నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, మనం సాంబ మసూరి అనే సన్నబియ్యం, రుచిలో దానికి సాటి లేదు. తెగులు తగిలితే అది అంత తేలిగ్గానూ లొంగిపోతుంది.

ఈ తెగులును తట్టుకునే శక్తి మాలి దేశపు అడవి వరిలో ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో తడినేలల్లో పెరిగే ఒరైజా లాంగిస్టామినేటా అది. అక్కడి రైతులకు అది కలుపు. బేలా అనే, సొంత భూమి లేని వలసకూలీలకు అది తిండి. 1977లో దాని గింజలు కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు చేరాయి. అక్కడ దేవదత్ అనే శాస్త్రవేత్త తన దగ్గరున్న ఎండాకు తెగులు బాక్టీరియా రకాలన్నీ దాని మీద ప్రయోగించి చూశారు. ఏదీ దాన్ని ఏమీ చేయలేకపోయింది. కటక్ నుంచి అది ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకు వెళ్లింది. అక్కడ గురుదేవ్ సింగ్ ఖుష్ బృందం దాన్ని ఐఆర్ 24తో సంకరం చేసి, మళ్లీ మళ్లీ తల్లి రకంతో కలిపి, పన్నెండేళ్లు పట్టి, ఆ ఒక్క శక్తిని సాగు వరిలోకి దించింది. 1990లో ప్రకటించారు. దానికి పెట్టిన పేరు ఎక్స్ఏ21. ఆ విత్తనాన్ని అడిగిన ప్రతి దేశానికీ ఉచితంగా పంపారు.

అలా అందుకున్నవాళ్లలో పమేలా రొనాల్డ్ ఒకరు. కార్నెల్‌లో మొదలుపెట్టి, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తన ప్రయోగశాలలో ఆ జన్యువును విడదీసి, 1995 డిసెంబరులో సైన్స్ పత్రికలో వివరాలు అచ్చు వేశారు. మొదటి రచయిత వెన్-యువాన్ సాంగ్. విశ్వవిద్యాలయం పేటెంటుకు దరఖాస్తు పెట్టింది, 1999 జనవరిలో వచ్చింది.

దరఖాస్తు పెట్టినప్పుడే ప్రశ్నలు లేచాయి. మాలిలో కూలీల తిండి, కటక్‌లో పరీక్ష, లాస్ బానోస్‌లో పన్నెండేళ్ల సంకరం, చివరి అడుగు డేవిస్‌లో. పేటెంటు చివరి అడుగుకు దక్కింది. రొనాల్డ్ ఆ ప్రశ్నను తప్పించుకోలేదు, దీన్ని నేను గౌరవంతో చెబుతున్నాను. స్టాన్‌ఫర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యుడు జాన్ బార్టన్‌తో కలిసి 1996లో విశ్వవిద్యాలయంలోనే జన్యు వనరుల గుర్తింపు నిధి అని ఒకటి పెట్టించారు. లైసెన్సు ఆదాయంలో కొంత ఆ నిధికి వెళ్లాలి, దానితో మాలి లాంటి దేశాల విద్యార్థులకు ఫెలోషిప్పులివ్వాలి. అంతకుముందు ఏ విశ్వవిద్యాలయం లైసెన్సు కాగితంలోనూ గింజ ఇచ్చినవాడి ఊసును నేను చూడలేదు. మాస్టారి కవరు మీది చివరి గీత అది.

అయితే నిధి నిండలేదు. మోన్‌శాంటో, పయొనీర్ లైసెన్సు కోసం ఆప్షన్ తీసుకున్నాయి. ఆ జన్యువుతో వాళ్ల సరుకు బజారుకు రాలేదు. రాయల్టీ లేదు కాబట్టి ఫెలోషిప్పూ లేదు. ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. ఇచ్చినవాడికి కృతజ్ఞత ఎవరో కంపెనీ లాభంతో ముడిపడి ఉండకూడదు. అమ్మకమయ్యాక వాటా ఇస్తామనడం కంటే, లైసెన్సు మీద సంతకం పెట్టిన రోజే ఎంతో కొంత చేతిలో పెట్టడం మర్యాద. ఇంకోటి, ఆ నిధి షరతులు రాసేటప్పుడు బేలా వాళ్లను అడిగినవాళ్లు లేరు.

పేటెంటు దారిలో ఎక్కడికీ చేరని ఆ జన్యువు వేరే దారిన మన చేలకు చేరింది. అంతర్జాతీయ సంస్థ పంచిన విత్తనం పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వెళ్లింది. అక్కడ ఎక్స్ఏ21తో పాటు ఎక్స్ఏ5, ఎక్స్ఏ13 అనే మరో రెండు తెగులు నిరోధక జన్యువులను ఒక్క మొక్కలో కూర్చారు. ఆ మొక్కను మన హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రమైన సీసీఎంబీ శాస్త్రవేత్తలూ, రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం వాళ్లూ తీసుకుని సాంబ మసూరితో కలిపారు. రమేశ్ సొంటి, ఆర్.ఎం. సుందరం, వాళ్ల సహచరులు. ప్రతి తరంలో వేల మొక్కల్లో ఏది మూడు జన్యువులనూ మోస్తోందో కంటికి కనబడదు. డీఎన్ఏ గుర్తుల సాయంతో ఏరాలి. ఎక్స్ఏ21ను ఏరడానికి వాళ్లు వాడిన గుర్తు పేరు పీటీఏ248. అది రొనాల్డ్ 1992లో అచ్చు వేసి అందరి ముందూ పెట్టినది. 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరి ఇలా వచ్చింది. రుచి అదే, సన్నం అదే, ఎండాకు తెగులుకు లొంగదు.

అమెరికా పేటెంటు అమెరికాలోనే చెల్లుతుంది. సంకరం చేసి దించిన జన్యువుకు మనం ఎవరి ముందూ చేయి చాచలేదు. కానీ ఒక్కసారి ఊహించండి, కటక్ వాళ్లు గింజ బయటికివ్వం అని ఉంటే, లాస్ బానోస్ వాళ్లు గుత్తకిచ్చి ఉంటే, ఆ గుర్తు వివరాలు అచ్చు కాకుండా ఒక కంపెనీ ఫైలులో ఉండిపోయి ఉంటే? గుంటూరు చేలో ఆకు పసుపుబారుతూనే ఉండేది.

మన చట్టం ఈ విషయంలో కాస్త జాగ్రత్తగానే ఉంది. పేటెంట్ల చట్టం సెక్షన్ 3(సి) ప్రకారం ప్రకృతిలో ఉన్నదాన్ని కనుక్కుంటే పేటెంటు రాదు. 3(జె) ప్రకారం మొక్కకూ, దాని భాగాలకూ, విత్తనానికీ రాదు. 2001 నాటి మొక్కల రకాల చట్టం రైతుకు విత్తనం దాచుకునే, మార్చుకునే హక్కిచ్చింది, మూల విత్తనం ఇచ్చిన సమాజాలకు వాటా కోసం జాతీయ జన్యు నిధి పెట్టింది. 2008లో అమెరికా బై-డోల్ నమూనాలో ఒక బిల్లు రాజ్యసభకు వచ్చింది, 2014లో ఉపసంహరించుకున్నారు. బిల్లు పోయిందని ఊపిరి పీల్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు నా అభిప్రాయం కొంచెం మారింది. బిల్లు పోయినా పని ఆగలేదు. విశ్వవిద్యాలయాల్లో పేటెంటు విభాగాలు పుట్టాయి. ర్యాంకుల లెక్కల్లో పేటెంట్ల సంఖ్య చేరింది. ఎన్ని పేటెంట్లు అని అందరూ అడుగుతున్నారు. ఎవరికి లైసెన్సిచ్చారు, ఏ షరతు మీద అని అడిగేవాళ్లు కనబడరు.

ఈ ప్రశ్న ఇప్పుడే అడగడానికి కారణం ఉంది. 2025 మే 4న ఢిల్లీలో జన్యు సవరణతో తయారైన రెండు వరి రకాలను ప్రకటించారు. ఒకటి కమల, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ చేసింది. తల్లి మన సాంబ మసూరి. రెండోది ఢిల్లీలో చేసిన పూసా రకం. దాని తల్లి ఎంటీయూ 1010, మార్టేరులో పుట్టిన మన కాటన్‌దొర సన్నాలు. రెండింటికీ పుట్టిల్లు మన కృష్ణా, గోదావరి నేలలే. కమలలో కంకికి గింజలెక్కువ, సాంబ మసూరి కంటే దాదాపు 20 రోజుల ముందే కోతకొస్తుందని ప్రకటించారు. బయటి జన్యువు ఏదీ చేర్చలేదు, ఉన్న జన్యువునే ఒకచోట సవరించారు.

ఆ సవరణకు వాడిన పనిముట్టు క్రిస్పర్. దాని మీద హక్కు కోసం పోటీపడ్డవాళ్లలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఒకవైపు, హార్వర్డ్, ఎంఐటీలతో ముడిపడిన బ్రాడ్ సంస్థ ఒకవైపు. బర్కిలీ 2012 మేలో దరఖాస్తు పెట్టింది. బ్రాడ్ అదే ఏడు డిసెంబరులో పెట్టి, త్వరగా చూడమని రుసుము కట్టి, 2014 ఏప్రిల్‌లో ముందు పేటెంటు అందుకుంది. ఆ తర్వాత వ్యాజ్యం ఏళ్లపాటు నడిచింది. 2025 మేలో కూడా అప్పీలు కోర్టు దాన్ని మళ్లీ విచారణకు పంపింది. ఈలోగా రెండు వైపులా తమ శాస్త్రవేత్తలు పెట్టిన కంపెనీలకు పెద్ద పెద్ద రంగాలను గుత్తకిచ్చాయి. వ్యవసాయానికి మాత్రం 2017లో బ్రాడ్, డూపాంట్ పయొనీర్ కలిసి గుత్త కాని లైసెన్సులిస్తామన్నాయి. విశ్వవిద్యాలయాల పరిశోధనకు రుసుము లేదన్నాయి. కానీ పరిశోధనకు వాడుకోవడం వేరు, సంచిలో పోసి అమ్మడం వేరు. కమల గింజ రైతు చేతికి రావాలంటే ఆ లైసెన్సు లెక్క తేలాలి. ఎంతకు తేలుతుంది, ఆ భారం విత్తన సంచి ధర మీద పడుతుందా, రైతు గింజ దాచుకోవచ్చా, మన విశ్వవిద్యాలయాలు కమలను తల్లిగా పెట్టి ఇంకో రకం చేసుకోవచ్చా? ఈ నాలుగింటికీ జవాబు ఒకే కాగితంలో ఉంటుంది. ఆ కాగితం మనకు కనబడాలి.

మాస్టారి కవర్లలో మిగిలినవి మా ఇంట్లో ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. గింజలు చాలావాటికి మొలక శక్తి పోయింది. పేర్లు చెరగలేదు, ఆయన పెన్సిలుతో రాసేవారు.

ఉపన్యాసం రాసుకుంటూ పక్కనే ఒక ఉత్తరం కూడా రాశాను. మన రెండు రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాల, ప్రభుత్వ పరిశోధన కేంద్రాల అధిపతులకు. జన్యువు మీద గానీ విత్తనం మీద గానీ మీరు ఇచ్చే, తీసుకునే ప్రతి లైసెన్సునూ సంతకమైన నెలలోపు అందరూ చదివేలా ఉంచండి, గుత్త అయితే ఎందుకో రాయండి, మూల విత్తనం ఏ ఊరి నుంచి ఎవరిస్తే వచ్చిందో ఆ కాగితంలోనే చేర్చండి అని అడిగాను. తెలుగులోనే రాశాను, ఒక పేజీ. ద్వారం పక్కన బల్ల మీద పెట్టాను, కలం కూడా ఉంది. చదివి, సరే అనిపించినవాళ్లు వెళ్లేటప్పుడు సంతకం చేసి, పక్కన మీ ఊరి పేరు రాయండి.